ఎవరు చెప్పారు? ఎప్పుడు చెప్పారు?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మహమ్మారి రోజుల్లో సెల్‌ఫోన్ల ద్వారా వచ్చిన ఆరోగ్య సమాచారాన్ని ఎంతవరకు నమ్మవచ్చు అనే విషయం మీద నాలుగు మాటలు చెప్పమని పెద్దలు ఆజ్ఞాపించారు. నేను డాక్టరును కాను. ఉర్దూ మీడియం బడిలో పిల్లలకు పాఠాలు చెప్పుకునేవాణ్ణి. కనుక ఏ జబ్బుకు ఏ మందు అనే జోలికి నేను పోను. ఒక వార్త చేతికి వచ్చినప్పుడు దాన్ని ఎట్లా పరీక్షించాలి అన్నంత వరకే నా మాట. అది అయ్యవారి పనే కదా!

2020 మార్చి 11న ప్రపంచ ఆరోగ్య సంస్థ కోవిడ్‌ను మహమ్మారిగా ప్రకటించింది. మరునాడే మన రాష్ట్రంలో మొదటి కేసు నెల్లూరులో బయటపడింది. 2023 మే 5న అత్యవసర పరిస్థితి ముగిసినదని అదే సంస్థ తెలిపింది. అయితే మహమ్మారి అని ప్రకటించక ముందే, 2020 ఫిబ్రవరిలోనే, ఆ సంస్థ ఇంకో రోగానికి పేరు పెట్టింది. నిజమూ అబద్ధమూ కలిసి వరదలాగా మీద పడి, ఏది నమ్మాలో తోచకుండా చేసే స్థితికి వారు ‘ఇన్ఫోడెమిక్’ అన్నారు. మనం వార్తల మహమ్మారి అనుకుందాం. మొదటి రోగానికి టీకా వచ్చింది. రెండోదానికి టీకా లేదు, రాబోదు కూడా. దాన్ని మనిషే తన బుద్ధితో కాచుకోవాలి.

మన హాలహర్వి సంగతి చూడండి. ఆంధ్ర రాష్ట్రానికి ఇది అంచు. అడుగు అవతల వేస్తే కన్నడ సీమ. జబ్బు చేస్తే కొందరు ఆదోనికి పోతారు, కొందరు కర్నూలుకు పోతారు, ఎక్కువమంది బళ్ళారి బస్సెక్కుతారు. మన ఇళ్ళలో మాట ఉర్దూ, బజారులో మాట తెలుగు, సంతలో సగం మాట కన్నడం. మూడు భాషలు రావడం మన అదృష్టమే. కాని పుకారుకు కూడా మన ఇంటికి మూడు తలుపులు దొరికాయి. హైదరాబాదు నుంచి ఉర్దూలో ఒక గొంతు మెసేజి, బళ్ళారి నుంచి కన్నడంలో ఒక వీడియో, సుగ్గికి గుంటూరు పక్క మిరప కోతలకు పోయినవాళ్ళ నుంచి తెలుగులో ఒక కబురు. ఒకే అబద్ధం మూడు భాషల్లో వస్తే ముగ్గురు సాక్షులు చెప్పినట్టే అనిపిస్తుంది. నిజానికి సాక్షి ఒక్కడూ లేడు. పైగా చదువు రాని పెద్దలకు గొంతు మెసేజి అంటే మనిషి ఎదుట కూర్చుని చెప్పినట్టే లెక్క. ఆ గొంతు ఎవరిదో మాత్రం ఎవరూ అడగరు.

ఇటువంటి వార్తలు ఎంత పని చేస్తాయో మన రాష్ట్రంలో జరిగినవే రెండు చెబుతాను.

చిత్తూరు జిల్లా బైరెడ్డిపల్లె మండలంలో 2020 ఏప్రిల్ మొదటి వారంలో పదిమందికి పైగా ఆసుపత్రి పాలయ్యారు. కారణం ఏమంటే ఉమ్మెత్త గింజల రసం. దాన్ని తాగితే కరోనా రాదని టిక్‌టాక్‌లో ఎవరో ఒక వీడియో పెట్టారు. ఉమ్మెత్తకాయకు ఒళ్ళంతా ముళ్ళు ఉంటాయి, టీవీల్లో చూపే వైరసు బొమ్మకూ ముళ్ళు ఉంటాయి. పోలిక కుదిరింది కాబట్టి మందు కూడా కుదురుతుందని అనుకున్నారు! ఉమ్మెత్త తింటే మతి తప్పుతుందని మన పల్లెల్లో పశువులు కాసే పిల్లలకు కూడా తెలుసు. తాతల నాటి నుంచి తెలిసిన ఆ సంగతిని ఒక్క నిమిషం వీడియో మరిపించింది. అదృష్టం కొద్దీ వాళ్ళు కోలుకున్నారు.

రెండోది అంతకంటె బాధాకరం. 2020 ఫిబ్రవరిలో, మన రాష్ట్రంలో ఇంకా ఒక్క కేసు కూడా లేని రోజుల్లో, శ్రీకాళహస్తి దగ్గర ఒక రైతు తనకు కరోనా సోకిందని తానే నిర్ణయించుకున్నాడు. ఆయనకున్నది వేరే మామూలు జబ్బు. కాని ఆ రోగం మీద వచ్చిన వీడియోలు ఫోనులో పదే పదే చూసి, తనవల్ల ఇంటివాళ్ళకు, ఊరివాళ్ళకు కీడు జరుగుతుందని భయపడి, ప్రాణం తీసుకున్నాడు. ఆయన చెడ్డవాడు కాడు, మూర్ఖుడూ కాడు. ఇంటివాళ్ళ మీద ప్రేమ ఉన్నవాడు. ఆ ప్రేమనే అబద్ధం ఆయన మీదికి తిప్పింది. పుకారును పంపినవాడికి ఈ సంగతి ఎన్నటికీ తెలియదు. తూటా కాల్చినవాడికి కనీసం చప్పుడైనా వినిపిస్తుంది, ఫార్వర్డ్ చేసినవాడికి అదీ వినిపించదు.

మన కర్నూలు పేరే ఒక పుకారులో చిక్కిన సంగతి చాలామందికి గుర్తుండాలి. 2020లో మన ప్రాంతపు నమూనాల్లో ఎన్440కె అనే మార్పు కలిగిన వైరసు రకం కనిపించింది. ప్రయోగశాలలో, గాజు పాత్రలోని కణాల మీద పెంచి చూస్తే అది ఒక పాత రకం కంటె పదింతలు ఎక్కువగా పెరిగినదని శాస్త్రవేత్తలు రాశారు. 2021 మే నాటికి ఆ మాట రోడ్డెక్కింది. పదింతలు కాస్తా పదిహేనింతలయ్యాయి. ‘పెరుగుతుంది’ అన్నది ‘చంపుతుంది’గా మారింది. ‘గాజు పాత్రలో’ అన్న మాట దారిలో ఎక్కడో జారిపోయింది. చివరికి ‘కర్నూలు వైరసు’ అని పేరు మిగిలింది. అదే నెలలో ఢిల్లీ ప్రభుత్వం ఆంధ్ర, తెలంగాణల నుంచి వచ్చేవారికి 14 రోజుల క్వారంటైన్ విధించింది. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రవేత్తలు మాత్రం ఆ రకం అప్పటికే తగ్గిపోతున్నదని, దాని చోటును బి.1.617 అనే మరో రకం ఆక్రమిస్తున్నదని స్పష్టంగా చెప్పారు. ఆ మాటను ఎంతమంది పంచుకున్నారు? భయపెట్టే వార్తకు గుర్రం కాళ్ళు ఉంటాయి, సరిదిద్దే వార్తకు తాబేలు కాళ్ళు.

మరో గాయం కూడా ఈ సభలో దాచుకోవలసిన పని లేదు. 2020 మార్చిలో ఢిల్లీ నిజాముద్దీన్ మర్కజ్‌కు పోయి వచ్చినవారిలో చాలామందికి జబ్బు సోకింది. వారి ద్వారా ఇతరులకూ సోకింది. ఇది నిజం, నిజాన్ని నిజమనే ఒప్పుకోవాలి. ఏప్రిల్‌లో మన జిల్లా కేసుల సంఖ్యలో రాష్ట్రంలో ముందు నిలిచింది. కాని ఆ నిజానికి ఎన్ని తోకలు తగిలించారో గుర్తు చేసుకోండి. కొందరు మనుషులు పళ్ళాలు నాకుతున్న వీడియో ఒకటి, రోగం అంటించడానికే ఇట్లా చేస్తున్నారంటూ దేశమంతా తిరిగింది. ఆ వీడియో 2018 నాటిది. అన్నం మెతుకు కూడా వృథా చేయరాదని బోహ్రా వర్గం వారు పాటించే ఆచారం అది. దానికీ రోగానికీ సంబంధమే లేదు. తబ్లీగీ జమాత్‌కు వచ్చిన విదేశీయుల మీద పెట్టిన కేసులను 2020 ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాదు బెంచి కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారనే భావం వెలిబుచ్చింది. ఆ తీర్పు వచ్చేలోగా కూరగాయల బండి తోసుకునే మన పేదవాణ్ణి కొన్ని చోట్ల వీధిలోకి రానివ్వలేదు.

ఈ గాయం ఎందుకు గుర్తు చేస్తున్నాను? ఎవరి మీదనో కోపం పెంచడానికి కాదు. ఒక పుకారు తగిలితే ఎట్లా ఉంటుందో ఒంటి మీద అనుభవించినవాళ్ళం మనం. అటువంటి మనమే మన చేతిలోని ఫోనుతో ఇంకో పుకారును పది ఇళ్ళకు పంపితే అది న్యాయమా? మన మీద వచ్చిన అబద్ధానికి సాక్ష్యం అడిగే హక్కు మనకున్నది. అయితే మనం పంపే మాటకు సాక్ష్యం చూసుకునే బాధ్యత కూడా మనదే.

టీకా సంగతి వద్దాం. 2021 జనవరి 16న దేశంలో కోవిడ్ టీకాలు మొదలైనవి. టీకాలో పంది కొవ్వు నుంచి తీసిన పదార్థం ఉన్నదనే వార్త మన ఇళ్ళలోకి వచ్చింది. మన దేశంలో అప్పుడు వేసిన కోవిషీల్డ్‌లోగాని, కోవాగ్జిన్‌లోగాని అటువంటి జెలటిన్ లేదు. అందులో ఏమేమి ఉన్నాయో తయారీదారులే జాబితా ప్రకటించారు, ఎవరైనా చూసుకోవచ్చు. అదే ఏడాది జూన్‌లో హిందూ సోదరుల ఇళ్ళలోకి ఇంకో వార్త పోయింది. కోవాగ్జిన్‌లో దూడ రక్తం ఉన్నదని! వైరసును పెంచే కణాలకు పోషణగా దూడ సీరం వాడతారని, తరువాత దాన్ని కడిగివేస్తారని, తయారైన టీకాలో అది ఉండదని కేంద్ర ఆరోగ్య శాఖ వివరణ ఇచ్చుకోవలసి వచ్చింది. గమనించారా మిత్రులారా? మనకు పంది, వాళ్ళకు దూడ! ఎవరికి ఎక్కడ నొప్పో అక్కడే చెయ్యి పెడుతుంది పుకారు. మన మతాన్ని కాపాడే వేషం వేసుకుని వచ్చి మన ప్రాణానికే ఎసరు పెడుతుంది.

మా వీధిలో ఒక దాదీమా ఇదే అనుమానంతో సూది వేయించుకోనని భీష్మించుకుంది. కొడుకులు కేకలు వేశారు, వినలేదు. ఏడో తరగతి చదివే మనవరాలు ఆ జాబితాను దగ్గర కూర్చుని ఒక్కొక్క పేరే చదివి ఉర్దూలో చెప్పింది. ఉప్పు, చక్కెర వంటివి వచ్చినప్పుడు ముసలమ్మ నవ్వింది. మరునాడు మనవరాలి చెయ్యి పట్టుకుని పోయింది. అనుమానం ఉన్నవాళ్ళను తిడితే అనుమానం గట్టిపడుతుంది. దగ్గర కూర్చుని చదివి వినిపిస్తే కరుగుతుంది.

ఇక పరీక్షించే పద్ధతి ఏమిటి? దీనికి మనం పరాయి విద్య ఏదీ నేర్చుకోవలసిన పని లేదు. హదీసు పండితులు పన్నెండు వందల ఏళ్ళ కిందటే ఈ పద్ధతిని శాస్త్రంగా నిలబెట్టారు. వారి ముందు ఎవరైనా ఒక మాట చెబితే, మాట బాగుందా అని మాత్రమే చూడలేదు. సనద్ ఏది అని అడిగారు. నీకు ఎవరు చెప్పారు, ఆయనకు ఎవరు చెప్పారు, ఆ ఇద్దరూ ఒకే కాలంలో బ్రతికారా, ఒకరినొకరు కలిశారా, చెప్పినవాడి జ్ఞాపకం గట్టిదా, అబద్ధమాడే అలవాటున్నదా అని విచారించారు. రావీల జీవిత విశేషాలను పరిశీలించడానికి ‘అస్మా ఉర్ రిజాల్’ అని ప్రత్యేక శాస్త్రమే ఏర్పడింది. గొలుసులో ఒక్క కడియం తెగినా ఆ రివాయత్‌ను జయీఫ్ అన్నారు, అంటే బలహీనమైనది. వార్త తెచ్చినవాడి సంగతి విచారించుకొమ్మని సూరె హుజురాత్‌లో ఆదేశమున్నదని మౌల్వీ సాబులు మనకు చెబుతూనే ఉన్నారు. ఇంతటి వారసత్వం ఉన్న మనం, పేరూ ఊరూ తేదీ లేని మెసేజిని కళ్ళు మూసుకుని తరువాతి మనిషికి అందించవచ్చునా?

ఫార్వర్డ్ మెసేజికి సనద్ ఏది చెప్పండి! ‘ఒక పెద్ద డాక్టరు చెప్పారు’ అని ఉంటుంది. ఏ డాక్టరు, ఏ ఆసుపత్రి? ఉండదు. ‘మా గ్రూపులో వచ్చింది’ అంటారు. గ్రూపుకు నోరు ఉన్నదా? మెసేజి మీద రెండు బాణాల గుర్తు కనిపిస్తే, అది ఐదు చేతులో అంతకంటె ఎక్కువో మారి వచ్చినదని వాట్సాప్ కంపెనీయే మనకు చెబుతున్నది. అటువంటి వాటిని ఒకసారికి ఒకరికి మాత్రమే పంపే విధంగా 2020 ఏప్రిల్‌లో కట్టడి కూడా పెట్టింది. అమ్మేవాడే సరుకు మీద అనుమానపు ముద్ర వేసి ఇస్తుంటే, కొనేవాడికి ఎంత జాగ్రత్త ఉండాలి?

ఇక్కడ కొందరు చదువుకున్నవాళ్ళు ఒక మాట అడుగుతారు. ‘ఏమప్పా, డాక్టర్లు మాత్రం ఒక్క మాట మీద నిలబడ్డారా? నిన్న ఒకటి, నేడు ఒకటి చెప్పలేదా?’ అని. న్యాయమైన ప్రశ్నే. ప్రపంచ ఆరోగ్య సంస్థ మొదట్లో అందరూ మాస్కు పెట్టుకోనక్కరలేదన్నది, 2020 జూన్ 5న ఆ సలహాను మార్చింది. కోలుకున్నవారి ప్లాస్మా ఎక్కించే చికిత్స కోసం జనం ఊళ్ళు పట్టుకుని తిరిగారు. దానివల్ల ఆశించిన ప్రయోజనం కనిపించలేదని 2021 మే 17న చికిత్స నిబంధనల నుంచి తొలగించారు. కాని ఇక్కడే తేడా చూడాలి. వారు మాట మార్చినప్పుడు పేరు పెట్టి, తేదీ వేసి, కారణం చెప్పి మార్చారు. లెక్క తప్పితే కొట్టివేసి కింద సరైన లెక్క వేసే విద్యార్థిని నేను మెచ్చుకుంటాను. ఫార్వర్డ్ మెసేజి మాత్రం ఎన్నడూ తన లెక్క దిద్దుకోదు. 2020లో పుట్టిన అబద్ధం ఈరోజు కూడా అప్పుడే పుట్టినట్టు తయారై వస్తుంది. అందుకే ‘ఎవరు చెప్పారు’ అన్న ప్రశ్న వెంటనే ‘ఎప్పుడు చెప్పారు’ అన్నది కూడా అడగాలి.

‘మన నాటు మందులను, హకీములను తక్కువ చేస్తున్నారు’ అని ఇంకొందరు అనవచ్చు. నేను అట్లా అనను. శొంఠి కషాయం తాగితే గొంతుకు హాయిగా ఉంటుంది, ఎవరు కాదంటారు? ‘హాయిగా ఉంది’ అనడం వేరు, ‘రోగం పోయింది’ అనడం వేరు. 2021 మేలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య గారి మందు కోసం వేలాదిమంది ఒకరి మీద ఒకరు పడ్డారు. కళ్ళలో చుక్కలు వేయగానే లేచి కూర్చున్నానని ఒక రిటైర్డు హెడ్మాస్టరు గారు చెప్పిన వీడియో ఊరూరా తిరిగింది. పాపం, ఆయన ఆ నెలాఖరుకే ఆసుపత్రిలో మరణించారు. అదే సమయంలో ప్రభుత్వం కొన్ని మందులకు అనుమతినిచ్చి, కంటి చుక్కలను అప్పటికి ఆపింది. తినే మందువల్ల హాని లేదన్నారేగాని, కరోనాను కుదురుస్తుందని నిరూపణ కాలేదు. ఆయన లేచి కూర్చున్న వీడియో చూసినవారందరికీ ఆయన పోయిన వార్త చేరిందని నేను అనుకోను. ఒక మనిషికి ఒక గంట సేపు కలిగిన ఉపశమనం రుజువు కాదు. వందలమందికి ఇచ్చి, ఇవ్వనివారితో పోల్చి, రోజుల తరబడి కనిపెట్టి చూస్తేనే అది రుజువు.

మరి ఎవరిని నమ్మాలి? మన కర్నూలులోనే దీనికి జవాబు ఉన్నది. డాక్టర్ కె.ఎం. ఇస్మాయిల్ హుస్సేన్ గారిని ‘రెండు రూపాయల డాక్టరు’ అని జనం పిలుచుకునేవారు. ఏళ్ళ తరబడి పేదవాళ్ళ దగ్గర నామమాత్రపు ఫీజు తీసుకుని, కులం మతం చూడకుండా వైద్యం చేశారు. మహమ్మారి వచ్చిన తరువాత కూడా రోగులను చూస్తూ, 2020 ఏప్రిల్ 14న కన్నుమూశారు. ఆయనకు వైరసు సోకిన సంగతి ఆ తరువాత నిర్ధారణ అయింది. జనం ఆయన మాట ఎందుకు నమ్మారు? పేరు తెలుసు, ముఖం తెలుసు, చదువు తెలుసు, ఏళ్ళ నడవడి తెలుసు. రేపు మాట తేడా వస్తే పోయి అడగడానికి గది తెలుసు. నమ్మదగిన రావీ అంటే అట్లా ఉంటాడు. పేరు లేనివాడి ఉచిత సలహా కంటె, పేరున్నవాడి రెండు రూపాయల సలహా మేలు.

మహమ్మారి పోయింది కదా, ఇప్పుడిదంతా ఎందుకని అనుకోవద్దు. షుగరు మాత్రలు మానేసి ఫలానా ఆకు నమలమని ఈరోజు కూడా మెసేజీలు వస్తున్నాయి. కుక్క కరిస్తే కారం అద్దమనేవాళ్ళు ఉన్నారు. పావుగంట సేపు సబ్బు నీళ్ళతో కడిగి, వెంటనే సూది మందుకు పోవడమొక్కటే దారి. పసిబిడ్డలకు తొమ్మిది నెలలు నిండాక ఒకసారి, ఏడాదిన్నర ప్రాంతంలో రెండోసారి తట్టు, రుబెల్లా టీకా వేస్తారు. 2017లో ఆ టీకా మీదనే మన పక్కనున్న కర్ణాటకలో వాట్సాప్ పుకార్లు పుట్టాయి. అంతకు ముందు ఉత్తర ప్రదేశ్‌లో పోలియో చుక్కలవల్ల సంతానం కలగదని మన బిరాదరీలోనే పుకారు పుట్టి, ఎందరో తల్లులు తలుపులు వేసుకున్నారు. అప్పుడు ఉలేమాలు, అలీగఢ్, జామియా మిల్లియా విశ్వవిద్యాలయాల వారు ఇంటింటికీ నచ్చచెప్పడానికి ముందుకు వచ్చారు. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని దేశంగా ధ్రువీకరణ పొందింది. పుకారు ఓడిపోతుంది మిత్రులారా, ఓడించేవాళ్ళు ఉంటే!

అందుకని సంఘం పెద్దలకు నాలుగు మనవులు. ఒకటి, ప్రతి వీధికి చదువుకున్న ఒక అబ్బాయిని, ఒక అమ్మాయిని నియమించండి. అనుమానపు మెసేజి వస్తే ముందు వాళ్ళకు చూపాలి. వాళ్ళు ఏ.ఎన్.ఎం.ను గాని, ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరును గాని అడిగి జవాబు తేవాలి. రెండు, మూడు నెలలకొకసారి డాక్టరు గారిని పిలిచి స్త్రీలకు విడిగా ఒక కూటమి పెట్టండి. మన ఆడవాళ్ళు అడగలేని ప్రశ్నలు చాలా ఉన్నాయి. మూడు, అవసరమైన ఆరోగ్య ప్రకటన జుమ్మా నాడు మసీదులో చెప్పించండి, కాని ఎవరు చెప్పినదో పేరు, తేదీ తప్పక చెప్పించండి. నాలుగు, సంఘం వాట్సాప్ గ్రూపులో సనద్ లేని వైద్యపు మాట పెట్టరాదని ఈ సమావేశంలోనే తీర్మానం చేయండి.

సోదర సోదరీమణులారా! మంచి ఉద్దేశంతోనే మనం మెసేజిలు పంపుతాము. మనవాళ్ళకు మేలు జరగాలనే పంపుతాము. ఆ మేలు కోరే మనసే చెయ్యి ఒక్క నిమిషం ఆపాలి. తెలియనప్పుడు పంపకుండా ఉండడం కూడా ఒక సేవే.  అల్లాహ్ మనందరికీ ఆరోగ్యాన్ని, వివేకాన్ని ప్రసాదించుగాక. ఖుదా హాఫిజ్.